కార్డు మీద ఒక్క వాక్యం

బల్లరాట్‌లో జూలై.
జిమ్ తలుపు సందులోంచి చలిగాలి
పిలవకుండానే క్లాసులో కూర్చుంది.
డాక్టర్ గిల్‌హూలీ తలా ఒక కార్డు పంచింది,
పసుపుది, పోస్టుకార్డులో సగం.
"వ్యాయామ విద్య ఎందుకు? ఒక్క వాక్యం.
పేర్లు రాయక్కర్లేదు."

పేర్లు లేకపోయినా
ఏది ఎవరిదో తెలిసిపోతూనే ఉంది.
"గుండె కోసం", అది టామ్‌సిన్.
వాళ్ళ నాన్నకి నిరుడు స్టెంట్ వేశారు.
"ఓడిపోవడం నేర్పడానికి" అన్నవాడు
ఎన్నడూ ఓడి ఉండడు, బ్రోడీ,
ఆ భుజాలు చూస్తే చాలు.
"జట్టు" అని ఇద్దరు.
"క్రమశిక్షణ" అని ఒకరు, నిటారు అక్షరాలతో.
"చేతిలోంచి ఫోను దించడానికి" అన్న కార్డు చదువుతుండగా
ఎవరిదో ఫోను మోగింది.
అందరం నవ్వాం. కాస్త వెచ్చబడింది.

నాది ఖాళీ కార్డు.
నలభై ఒకటో ఏట టీచరు చదువుకి వచ్చినదాన్ని,
వాక్యాలకి కొరతా?
కానీ నేనెరిగిన ఆటల పీరియడ్
టైమ్‌టేబుల్లో ఉండేది, గ్రౌండులో ఉండేది కాదు.
సిలబస్ మిగిలిపోయిన లెక్కల మేడమ్
దాన్ని చేబదులు తీసుకునేది,
ఒక్కసారీ తిరిగిచ్చింది లేదు.
ఆవిడ సెలవు పెట్టిన శుక్రవారాల్లో
డ్రిల్లు మాష్టారు మగపిల్లలకి బంతి విసిరేవారు,
మా నలభై ముగ్గురికీ ఒక్క టెన్నికాయిట్ రింగు.
నా వంతుకి ఎప్పుడూ బెల్లే వచ్చేది.
ఒక్కసారి రింగే వచ్చింది.
అది గాలిలో ఉండగానే కళ్ళు మూసుకున్నాను.
ముక్కు మీద తగిలింది.
ఆ తర్వాత పదో తరగతి దాకా
అందరి చెప్పులకీ కాపలా నేనే.

ఇదంతా పసుపు కార్డులో పట్టదు.

టీచింగ్ ప్రాక్టీసు సెబాస్టపోల్ ప్రైమరీ స్కూల్లో.
మెడలో ఈల వేలాడింది.
ఆడపిల్ల ఈలేస్తే ఇంటికి అరిష్టమని
మా మేనత్త మూతి మీద కొట్టిన ఈల.
మొదటిసారి ఊదితే గాలే వచ్చింది,
రెండోసారికి ఓవల్ అవతల కుక్క తిరిగి చూసింది.

ఫ్లిన్‌కి ఎనిమిదేళ్ళు. ఆడడు. స్కోరు రాస్తాడు.
మంగళవారం మంగళవారం షూస్ మర్చిపోతాడు.
వాళ్ళమ్మ చీటీ తెస్తాడు,
చీటీ వాడిదే, సంతకమూ వాడిదే.
"పోనీలే," అంటారు పాస్కో సారు,
"కూడికలు బాగా చేస్తాడు."

బంతి ఇంకా నా చేతిలోనే ఉంటుంది,
వాడి మొహం అప్పటికే దెబ్బ తినేసి ఉంటుంది.
ఆ మొహం నాకు తెలుసు.
రెండు వారాలు దానివైపు చూడకుండా తప్పించుకున్నాను.

మూడో వారం బంతి పక్కన పెట్టి
సంచిలోని నా సాక్సు ఒకటి ఉండ చుట్టాను.
"పట్టుకోకు. ఏ రంగో చెప్పు, అంతే."
విసిరాను. కళ్ళు మూశాడు.
విసిరాను. ఒక కన్ను మూశాడు.
విసిరాను.
"నీలం," అన్నాడు, "మడమ దగ్గర చిల్లుంది."
సాక్సు వాడి పొట్టకి తగిలి గడ్డిలో పడింది.
ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.
తర్వాత వాడు అట్టమీద కాగితం తీసి
ఎర్రజట్టు, పచ్చజట్టు పక్కన మూడో గడి గీసి
"సాక్సు: 1" అని రాసుకున్నాడు.

టర్మ్ చివర మళ్ళీ అవే కార్డులు.
ఈసారి "తెలీదు" అని రాసింది ఎవరో, పోల్చలేకపోయాను.
బ్రోడీ వంక చూశాను, వాడు కిటికీలోంచి చూస్తున్నాడు.
నేను "వస్తున్నదాన్ని చూడ్డానికి" అని రాశాను.
మరీ సూక్తిలా ఉందని కొట్టేశాను.
కొట్టేసిన కార్డే ఇచ్చాను.
డాక్టర్ గిల్‌హూలీ వెలుతురుకి ఎత్తి చదివింది.
"దీన్ని ఎలా కొలుస్తావు?"

మంచి ప్రశ్నే.
జవాబు వెతుక్కునేలోపు
బయట ఓవల్ మీద చినుకులు మొదలయ్యాయి,
ఇరవై నాలుగు కోన్లు ఎత్తాలి,
పరిగెత్తాను.